మీ పేరు మీద ఇంకెవరో లోన్ తీసుకుంటే.. చట్టం ఎవరి వైపు ఉంటుంది?

కొత్త ఫోన్ ఈఎంఐలో తీసుకుందామని షోరూమ్‌కి వెళ్లారనుకోండి. మోడల్ ఓకే, కలర్ ఓకే. పాన్, ఆధార్ ఇచ్చారు. రెండు నిమిషాల్లో స్క్రీన్ మీద 'రిజెక్టెడ్' అని వచ్చింది. కారణం ఏంటని అడిగితే, మీ పేరు మీద 7 నెలల క్రితమే ఓ లోన్ ఉందని, ఒక్క వాయిదా కూడా కట్టలేదని చెప్పారు. మీరు ఎప్పుడూ చూడని ఊళ్లో, మీది కాని నంబర్‌తో, మీ పాన్ మీద ఎవరో తీసుకున్న అప్పు అది.

మీ జేబులోంచి ఒక్క రూపాయి పోలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. మరి ఇక్కడ పోయింది ఏంటి? మీ పేరు. దీన్నే గుర్తింపు దొంగతనం, అంటే ఐడెంటిటీ థెఫ్ట్ అంటారు.

ఓటీపీ చెప్పొద్దు, లింక్ నొక్కొద్దు అని రోజూ వింటూనే ఉంటాం. కానీ ఒకసారి పేరు పోయాక చట్టం ఏం చేస్తుంది అన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. నిజానికి మన దగ్గర చట్టాలు తక్కువేం లేవు. చిక్కల్లా ఏంటంటే, అవి దొంగతనం జరిగిపోయాక, అది కూడా సగమే చూస్తాయి. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు సెక్షన్ ఏది?

మన ఐటీ చట్టం 2000లో వచ్చింది. అప్పుడు అందులో ఐడెంటిటీ థెఫ్ట్ అనే నేరమే లేదు. 2008 సవరణతో 66సి సెక్షన్ చేర్చారు. అది 2009 అక్టోబర్ 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కసారి ఆ టైమ్ గుర్తు చేసుకోండి. మొదటి ఆధార్ నంబర్ ఇచ్చింది 2010 సెప్టెంబర్‌లో. యూపీఐ మొదలైంది 2016లో. అంటే మన గుర్తింపు అంతా ఫోన్‌లోకి రాకముందే రాసిన సెక్షన్ ఇది. ఇప్పటికీ అదే మాటలతో నడుస్తోంది.

66సి చెప్పేది సింపుల్. వేరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డ్‌ని, లేదా వారికే ప్రత్యేకమైన ఇంకేదైనా గుర్తింపు లక్షణాన్ని మోసపూరితంగా వాడితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. దాని పక్కనే 66డి ఉంది. ఫోన్ లేదా కంప్యూటర్ వాడి, నేనే ఫలానా వ్యక్తిని అని నమ్మించి మోసం చేస్తే అది వర్తిస్తుంది. శిక్ష దాదాపు అంతే.

ఇందులో రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. ఒకటి 'వాడితే'. రెండోది 'ప్రత్యేకమైన గుర్తింపు లక్షణం'. ఈ రెండో మాటకు చట్టంలో నిర్వచనం ఇవ్వలేదు. వేలిముద్ర అందులోకి వస్తుందని చెప్పడం తేలిక. మరి మీ ఫొటో? మీ గొంతు? ఏఐతో క్లోన్ చేసిన మీ ముఖం? ప్రతి కేసులో లాయర్లు వాదించుకోవాల్సిందే.

ఇక మొదటి మాట 'వాడితే' ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మన పక్కనే జరిగిన ఓ కేసు చూడాలి.

ధర్మారంలో ఏం జరిగింది?

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ఒక సిమ్ డీలర్‌ని అరెస్ట్ చేశారు. అతనిది పెద్దపల్లి జిల్లా ధర్మారం. పోలీసులు చెప్పిన ప్రకారం, అతను భూముల రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్లను ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబర్లు, వేలిముద్రలు రెండూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారు చేసే పద్ధతిలోనే ఆ వేలిముద్రల నకళ్లు తీశాడు. వాటిని బయోమెట్రిక్ మెషీన్ మీద పెట్టి, ఈ-కేవైసీ పూర్తి చేసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇదంతా అమ్మకాల టార్గెట్ కోసం.

ఇప్పుడు దీన్ని నాలుగు స్టెప్పులుగా విడదీసి చూడండి.

స్టెప్ 1: డాక్యుమెంట్ల డౌన్‌లోడ్. అందరికీ అందుబాటులో ఉన్న సైట్ నుంచి తీసుకోవడం దానంతట అదే నేరం కాదు.

స్టెప్ 2: వందల మంది వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కలిపి దగ్గర పెట్టుకోవడం. 66సి ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఇంకా 'వాడలేదు'.

స్టెప్ 3: రబ్బరు వేలు తయారీ. దీన్ని పేరు పెట్టి నేరం అనే సెక్షన్ ఐటీ చట్టంలో లేదు. ఫోర్జరీ, కుట్ర లాంటి సెక్షన్లను ఇక్కడిదాకా లాక్కురావాలి.

స్టెప్ 4: ఆ వేలిని మెషీన్ మీద పెట్టడం. ఇప్పుడు 66సి మేలుకుంటుంది.

అంటే మొదటి మూడు స్టెప్పుల్లో దొరికినవాడు 'నేను ఇంకా ఏం చేయలేదు కదా సార్' అనొచ్చు. నేర ప్రయత్నానికి 84సి, ప్రేరేపించినందుకు 84బి సెక్షన్లు ఐటీ చట్టంలో ఉన్నాయి, కాదనట్లేదు. కానీ ఏ నేరానికి ప్రయత్నం, ఎవరిని ప్రేరేపించాడు అన్నది చూపించాలి. ఒక ఎక్సెల్ షీట్‌లో వేల మంది పేర్లు, పాన్‌లు, పుట్టిన తేదీలు పెట్టుకుని అమ్మేవాడికి, తన సరుకు కొన్నవాడు రేపు ఏం చేస్తాడో తెలుసని నిరూపించడం అంత ఈజీ కాదు. కంపెనీ ఉద్యోగే డేటా బయటపెడితే 72ఏ ఉంది. హ్యాక్ చేసి తీస్తే 66 ఉంది. మూడో చేతి నుంచి కొని నాలుగో చేతికి అమ్మే వ్యాపారి మాత్రం ఈ సెక్షన్ల మధ్యలోంచి జారిపోయే ఛాన్స్ ఎక్కువ.

ఈ దందా మొత్తానికి పెట్టుబడి ఆ మధ్య వ్యాపారి సరుకే. లోన్ తీసుకున్నవాడు చివరి మనిషి మాత్రమే.

ఒకే మోసం, రెండు రేట్లు

ఇంకో విచిత్రం ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అందులో 319 సెక్షన్ వేరొకరిలా నటించి మోసం చేయడం గురించి. పాత ఐపీసీ 419లో దీనికి గరిష్ఠంగా 3 ఏళ్లు ఉండేది. కొత్త సంహితలో 5 ఏళ్లు చేశారు. ఐటీ చట్టంలోని 66డి మాత్రం 3 ఏళ్ల దగ్గరే ఆగిపోయింది.

అంటే ఒకడు మీ ఆధార్ జిరాక్స్ పట్టుకుని కౌంటర్ దగ్గర మీలా నటిస్తే 5 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. అదే పని ఫోన్‌లో కూర్చుని వెయ్యి మంది పేర్లతో చేస్తే, ఐటీ చట్టం లెక్కలో ఒక్కో నేరానికి 3 ఏళ్లు. చేతితో చేసిన దానికంటే మెషీన్‌తో చేసిన దానికి తక్కువ!

రెండూ కలిపి పెట్టొచ్చు కదా అంటారా? పోలీసులు మామూలుగా అలాగే పెడతారు. కానీ 2016లో సుప్రీంకోర్టు ఒక అశ్లీల కంటెంట్ కేసులో, ఎలక్ట్రానిక్ రూపంలోని నేరానికి ఐటీ చట్టం ప్రత్యేక చట్టం కాబట్టి ఐపీసీ సెక్షన్ నిలవదని చెప్పింది. 2018లో బాంబే హైకోర్టు అదే దారిలో వెళ్లి, డేటా చోరీ ఆరోపణల కేసులో ఐపీసీ సెక్షన్లు పక్కన పెట్టింది. కాబట్టి నిందితుడి లాయర్ వేసే మొదటి వాదన ఇదే: 'మాకు ప్రత్యేక చట్టం ఉంది, దాని శిక్షే మాకు చాలు.'

దీనికి తోడు 77బి ప్రకారం 3 ఏళ్ల శిక్ష ఉన్న ఐటీ నేరాలు బెయిలబుల్. 77ఏ ప్రకారం కోర్టు అనుమతితో రాజీ కూడా కుదుర్చుకోవచ్చు. 78 సెక్షన్ ప్రకారం దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ ర్యాంక్ లేదా ఆపై అధికారే. మన మండల స్టేషన్లలో చాలా చోట్ల ఎస్ఐనే హెడ్. కాబట్టి ఫిర్యాదు సీఐ దగ్గరికి లేదా సైబర్ స్టేషన్‌కి వెళ్లాల్సిందే. 'ఇక్కడ కాదమ్మా, అక్కడికి వెళ్లు' అనే మాట వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

కొన్ని మంచి అప్‌డేట్లు కూడా ఉన్నాయి

అంతా నెగెటివ్ కాదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మోసంతో గానీ, వేరొకరిలా నటించి గానీ సిమ్ తీసుకుంటే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 66సిలోని లక్షతో పోల్చి చూడండి. ధర్మారం లాంటి కేసు ఇప్పుడు జరిగితే పోలీసుల చేతిలో ఇంకాస్త పదునైన సెక్షన్ ఉంటుంది.

ఆధార్ చట్టంలో మొదట ఒక పెద్ద లోపం ఉండేది. మీ ఆధార్ విషయంలో నేరం జరిగినా, ఉడాయ్ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకునేది కాదు. అంటే నష్టపోయింది మీరు, ఫిర్యాదు హక్కు మాత్రం వేరొకరిది. 2019 సవరణతో కొన్ని నేరాలకు ఆధార్ ఉన్న వ్యక్తే నేరుగా ఫిర్యాదు చేసే వీలు ఇచ్చారు. చిన్న మార్పులా కనిపించినా, ఇది సరైన దిశలో వేసిన అడుగు. ఎందుకంటే అక్కడ చట్టం మొదటిసారి 'బాధితుడు నువ్వే' అని ఒప్పుకుంది.

డేటా రక్షణ చట్టం, అదే డీపీడీపీ, 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలవుతాయి. డేటా సరిగ్గా కాపాడని కంపెనీకి 250 కోట్ల వరకు పెనాల్టీ వేయొచ్చు. వినడానికి బాగుంది. కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, మీకు కాదు. పైగా కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోతే పరిహారం అడిగే 43ఏ అనే సెక్షన్ ఐటీ చట్టంలో ఉంది. దాన్ని తీసేసే నిబంధన ఈ కొత్త చట్టంలోనే ఉంది.

అసలు నష్టం: దొంగ దొరికినా మీ పేరు తిరిగి రాదు

ఇప్పుడు మళ్లీ షోరూమ్‌కి వద్దాం. దొంగ దొరికాడనుకుందాం. శిక్ష కూడా పడిందనుకుందాం. మీ క్రెడిట్ రిపోర్ట్‌లో ఆ లోన్ పోతుందా? దానంతట అదే పోదు. బ్యాంకు దగ్గరికి, క్రెడిట్ బ్యూరో దగ్గరికి, టెలికాం కంపెనీ దగ్గరికి విడివిడిగా వెళ్లి 'ఆ వ్యక్తి నేను కాదు' అని మీరే నిరూపించుకోవాలి. ఒక చోట ఒప్పుకున్నది ఇంకో చోట చెల్లదు.

సిమ్ అయితే ఇంకా డేంజర్. మీ పేరు మీద ఉన్న నంబర్‌తో ఎవరినో మోసం చేస్తే, పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. బాధితుడే నిందితుడి కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాలి. ఊళ్లో పోలీసు జీపు ఇంటి ముందు ఆగితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత 'పొరపాటు' అన్నా, ఆ మాట జీపు వెళ్లినంత దూరం వెళ్లదు.

వేరే దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో 1998లో ఐడెంటిటీ థెఫ్ట్‌కి ప్రత్యేక చట్టం తెచ్చారు. అంతకుముందు అక్కడ కూడా డబ్బు పోగొట్టుకున్న బ్యాంకునే బాధితురాలిగా చూసేవారు, పేరు పోయిన మనిషిని కాదు. ఆ చట్టం మనిషిని లెక్కలోకి తెచ్చింది. తర్వాత చట్టవిరుద్ధమైన పని కోసం వేరొకరి వివరాలు దగ్గర పెట్టుకోవడాన్ని కూడా నేరంలో చేర్చారు.

కెనడా 2010 జనవరి నుంచి దీన్ని రెండు మెట్లుగా విడగొట్టింది. మోసానికి వాడే ఉద్దేశంతో వేరొకరి వివరాలు సేకరించడం, దగ్గర పెట్టుకోవడం, లేదా అలా వాడతారని తెలిసీ అమ్మడం ఒక నేరం. దానికి 5 ఏళ్ల వరకు శిక్ష. వాటిని నిజంగా వాడి మోసం చేయడం ఇంకో నేరం. దానికి 10 ఏళ్ల వరకు. అంతేకాదు, కొత్త కార్డులు తీసుకోవడానికి, క్రెడిట్ హిస్టరీ సరిచేసుకోవడానికి బాధితుడికి అయిన ఖర్చు దొంగ నుంచే ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చారు.

ఆస్ట్రేలియా ఐడియా నాకు అన్నిటికంటే నచ్చింది. 2011లో తెచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, బాధితుడు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లి ఒక సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 'ఈ వ్యక్తి పేరును వేరొకరు దుర్వినియోగం చేశారు' అని కోర్టు ముద్రతో రాసిన కాగితం అది. దొంగ దొరకకపోయినా, కేసు తేలకపోయినా ఇవ్వొచ్చు. బ్యాంకుకైనా, టెలికాం ఆఫీసుకైనా అదే కాగితం చూపించొచ్చు.

మరి శిక్ష పెంచితే సరిపోదా?

'20 ఏళ్లు వేయండి, అప్పుడు భయపడతారు' అనిపించడం సహజం. కానీ ఇక్కడ అమెరికా అనుభవమే ఒక హెచ్చరిక. 2004లో అక్కడ ఇంకో చట్టం చేశారు. కొన్ని నేరాల్లో వేరొకరి గుర్తింపు వాడితే అదనంగా 2 ఏళ్లు తప్పనిసరి జైలు. జడ్జికి తగ్గించే వీలు లేదు. కొన్నేళ్లకు ప్రాసిక్యూటర్లు దీన్ని ఎక్కడెక్కడో తగిలించడం మొదలుపెట్టారు. ఒక కేసులో ప్రభుత్వ ఆరోగ్య పథకానికి బిల్లు పెంచి రాశారు. ఆ బిల్లు మీద పేషెంట్ పేరు ఉంది కాబట్టి ఇది ఐడెంటిటీ థెఫ్ట్ కూడా అన్నారు. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మోసానికి ఆ గుర్తింపే ఆయువుపట్టు అయితేనే ఈ సెక్షన్ అని, బిల్లు మీద పేరు ఉన్నంత మాత్రాన కాదని తేల్చింది.

మన దగ్గర కూడా 'వివరాలు దగ్గర ఉంటే నేరం' అని గుడ్డిగా రాస్తే ఎవరు ఇరుక్కుంటారు? లీక్ అయిన డేటాబేస్‌ని పరీక్షించి కంపెనీకి చెప్పే సెక్యూరిటీ రీసెర్చర్. ఆ వార్త రాసే విలేకరి. జిరాక్స్ సెంటర్‌లో కాపీలు మిగిలిపోయిన కుర్రాడు. అందుకే ఉద్దేశం అన్నది చట్టంలో స్పష్టంగా ఉండాలి.

అయితే మారాల్సింది ఏంటి?

ఒకటి, మోసం చేసే ఉద్దేశంతో వేరొకరి గుర్తింపు వివరాలు సేకరించడం, అమ్మడం, నకలు చేయడం విడి నేరం కావాలి. మంచి ఉద్దేశంతో పనిచేసే రీసెర్చర్లకు, జర్నలిస్టులకు మినహాయింపు ఉండాలి.

రెండు, ముఖం, గొంతు, బయోమెట్రిక్స్ అన్నీ గుర్తింపులో భాగమని నిర్వచనం రాయాలి.

మూడు, ఐటీ చట్టం, న్యాయ సంహిత, టెలికాం చట్టం మూడింట్లో ఒకే పనికి మూడు రేట్లు కాకుండా, జరిగిన నష్టాన్ని బట్టి ఒకే కొలత ఉండాలి.

నాలుగు, ఆస్ట్రేలియా తరహాలో బాధితుడికి కోర్టు సర్టిఫికెట్. అది చూపిస్తే బ్యాంకు, క్రెడిట్ బ్యూరో, టెలికాం కంపెనీ గడువులోగా రికార్డు సరిచేయాలి.

ఐదు, పేరు బాగుచేసుకోవడానికి అయిన ఖర్చు దొంగ నుంచి, డేటా లీక్ చేసిన కంపెనీ నుంచి ఇప్పించాలి.

నన్నడిగితే వీటిలో నాలుగోది ముందు రావాలి. దొంగను పట్టుకోవడం పోలీసుల టైమ్ మీద ఆధారపడి ఉంటుంది. బాధితుడి జీవితం అన్నాళ్లు ఆగదు. కాలేజీ ఫీజుకి లోన్ కావాల్సిన కుర్రాడు చార్జిషీట్ వచ్చేదాకా ఆగలేడు కదా!

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి

* సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోండి. ఈ సర్వీస్ 2021లో మొదట మొదలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే. మీది కాని నంబర్ కనిపిస్తే అక్కడే రిపోర్ట్ కొట్టండి.

* ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేసి పెట్టండి. అవసరమైనప్పుడు తీసి మళ్లీ లాక్ చేయండి.

* ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. ఫోన్ మార్చినంత ఆసక్తిగా దాన్ని కూడా చూడండి.

* తప్పు లోన్ కనిపిస్తే బ్యూరోలో డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్.

* జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా తేదీ, దేనికోసం ఇస్తున్నారో రాయండి. పాత ఫోన్ అమ్మే ముందు గ్యాలరీలోని ఆధార్, పాన్ ఫొటోలతో సహా రీసెట్ చేయండి.

* డబ్బు కూడా పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఫిర్యాదులో 66సి, 66డితో పాటు న్యాయ సంహిత 319 కూడా రాయమని కోరండి. నకిలీ సిమ్ ఉంటే టెలికాం చట్టం సంగతి కూడా చెప్పండి.

ఫోన్ పోతే బ్లాక్ చేయొచ్చు, కొత్తది కొనుక్కోవచ్చు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలిముద్ర, పుట్టిన తేదీ, నాన్న పేరు మార్చుకోలేం. మన ఫోన్‌కి ప్రతి నెలా సెక్యూరిటీ ప్యాచ్ కావాలని అడుగుతాం. 2009 నుంచి ఒక్క అప్‌డేట్ కూడా లేకుండా నడుస్తున్న 66సికి కూడా అదే అడగాల్సిన టైమ్ వచ్చింది.